ఇద్దరు కూర్చుంటే తెరుచుకునే గ్రంథం

1647. హైదరాబాదును అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్న కాలం. లోకంలోని మతాలన్నిటి గురించీ ఒకే గ్రంథం రాయాలని దేశాలు తిరుగుతున్న పారశీక రచయిత ఒకడు ఆ ఊళ్ళో సర్మద్ అనే ఫకీరును కలుసుకున్నాడు. సర్మద్ ఇరాన్ దేశపు యూదు కుటుంబంలో పుట్టినవాడు. రబ్బీల చదువు చదివి, తరవాత ఇస్లాం పుచ్చుకుని, వర్తకుడిగా సింధులోని ఠట్టా రేవుకు వచ్చాడు. అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ యువకుడి మీద పుట్టిన ప్రేమతో సరుకూ సంపదా చివరికి ఒంటిమీది బట్టా అన్నీ వదిలేసుకున్నాడు. ఆ అభయ్‌చంద్‌కు హీబ్రూ నేర్పి, తోరానూ దావీదు కీర్తనలనూ చదివించాడు. అభయ్‌చంద్ తోరా తొలి అధ్యాయాలను, అంటే సృష్టి నుంచి నోవహు కాలం దాకా ఉన్న భాగాన్ని, పారశీకంలోకి తెచ్చాడు. ఆ అనువాదాన్ని రచయిత సర్మద్‌తో కలిసి కూర్చుని మాట మాటా సరిచూసుకుని, తన ‘దబిస్తానె మజాహిబ్’లో చేర్చుకున్నాడు.

గోల్కొండ అనగానే వజ్రాల కథలు చెప్పుకుంటాం. ఈ కథ మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. తెలుగు నేలమీద ఒక యూదు మతగ్రంథ భాగం మరో భాషలో నిలబడిన సందర్భం ఇది. ఒకరు గురువు, ఒకరు శిష్యుడు, పక్కన రాసుకునేవాడు ఇంకొకడు. ముగ్గురూ మూడు దారుల్లో పుట్టినవాళ్ళు. సర్మద్‌ను ఆ తరవాత ఔరంగజేబు పాలనలో ఢిల్లీలో శిరచ్ఛేదం చేశారు. అతని సమాధి జామా మసీదు పక్కనే ఉంది. జనం ఇప్పటికీ అక్కడ పూలు పెడతారు.

యూదు గ్రంథాలు మన దాకా ఎలా వచ్చాయో వెతుక్కుంటూ పోయిన ప్రతిసారీ నాకు ఒంటరి పండితుడు కనిపించలేదు. జంటలే కనిపించాయి. మూలం తెలిసినవాడు ఒకడు, మన భాష తెలిసినవాడు ఇంకొకడు. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్న చోటే అనువాదం పుట్టింది. అది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఎందుకో తల్మూద్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

నేనుండేది కె.కోటపాడులో. నిన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చెరకు, వరి, నువ్వులు పండే ఊళ్ళు. ఇటు చోడవరం, అటు విశాఖ రోడ్డు. యూదుల ఇల్లు ఈ చుట్టుపక్కల ఒక్కటీ లేదు. అయినా యూదుల గ్రంథంలో సగం ఇక్కడి ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. ఏ ఊళ్ళో చర్చి ఉన్నా ఆ ఊళ్ళో తెలుగు బైబిలు ఉంటుంది. అందులోని పాత నిబంధనే యూదుల తనఖ్. ప్రొటెస్టంటు క్రైస్తవుల లెక్కలో 39 పుస్తకాలు, యూదుల లెక్కలో 24. విభజన వేరు, వరస వేరు. క్రైస్తవుల పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది, తనఖ్ దినవృత్తాంతాలతో ముగుస్తుంది. లోపలి పాఠం మాత్రం అదే.

ఆ సగం తెలుగులోకి వచ్చిన దారి మా పక్కనుంచే పోయింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజ్ అనే ఇద్దరు యువకులు విశాఖపట్నంలో దిగారు. తెలుగు ఒక్క ముక్క రాదు. నేర్చుకుంటూనే అనువాదం మొదలుపెట్టారు. అది నడక సాగించింది ఆనందరాయర్ వచ్చి చేరాకే. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం పుచ్చుకున్నవాడు, తెలుగు చక్కగా వచ్చినవాడు. క్రాన్ 1809లో, డి గ్రాంజ్ 1810లో చనిపోయారు. ఇద్దరూ తమ పని అచ్చులో చూసుకోలేదు. 1812లో సేరంపూరు అచ్చుకూటం నుంచి మూడు సువార్తలు తెలుగులో వెలువడ్డాయి. ఆ తరవాత జాన్ హే దశాబ్దాల పాటు విశాఖలోనే ఉండి తెలుగు బైబిలు పనిలో మునిగిపోయాడు. 1854 నాటికి బైబిలు మొత్తం తెలుగులో ఉంది. ఆ పుస్తకాల మీద పాదిరీల పేర్లు నిలిచాయి. వాళ్ళ పక్కన కూర్చుని ఈ మాట కాదు ఆ మాట అని చెప్పిన తెలుగు మున్షీల్లో చాలామంది పేర్లు నిలవలేదు. ఇది నన్ను బాధపెట్టే సంగతి.

ఇక మిగతా సగం. దాని అవసరం ఎక్కడ తెలిసివచ్చిందో చెప్పాలంటే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం వెళ్ళాలి. అక్కడ మాదిగ కుటుంబాల సమూహం ఒకటి తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటుంది. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిం గోత్రపు సంతతి తామేనని వాళ్ళ విశ్వాసం. ముందు క్రైస్తవులుగా ఉన్నవాళ్ళే. ష్మూయెల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు వాళ్ళను యూదు ఆచారాల వైపు నడిపించడానికి నడుం కట్టారు. ష్మూయెల్ క్రైస్తవ ప్రచారకుడిగా ఉంటూ 1980లలో జెరూసలేం చూసి వచ్చాడు. 1990ల మొదట్లో ఊళ్ళో ఒక చిన్న సినగాగ్ వెలిసింది. సాదోక్ దాన్ని నడుపుతూ వచ్చాడు, పిల్లలకు హీబ్రూ నేర్పాడు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ మీద రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ప్రచురించారు. వాళ్ళ గోత్రం సంగతి తేల్చడం నా పని కాదు. వాళ్ళ ప్రయాణంలో నాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి.

తెలుగు బైబిలు చేతపట్టుకుని ఎవరైనా యూదుడిగా బతకాలనుకుంటే, మొదటి శనివారమే చిక్కొచ్చి పడుతుంది. విశ్రాంతి దినాన పని చేయకూడదని తోరా చెబుతుంది. ఏది పని? పొయ్యి వెలిగించకూడదంటుంది, సరే. నీళ్ళు మోయడం పనా? పువ్వు కోయడం? ముడి వేయడం? తోరా దానికి జాబితా ఇవ్వదు. ఆ జాబితా మిష్నాలో ఉంది. దున్నడం, విత్తడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం అంటూ 39 పనులు. అంటే తోరాను ఆచరణలోకి దించేది ఇంకో తోరా. యూదులు దాన్ని నోటి తోరా అంటారు. తెలుగు ఇళ్ళలోకి రాత తోరా వచ్చింది, నోటి తోరా రాలేదు.

పేరుకు తగ్గట్టే అది చాలాకాలం నోటిమీదే నడిచింది. కంఠస్థం చేసి అప్పజెప్పడమే వృత్తిగా ఉన్నవాళ్ళు ఉండేవారు. మన వేదపాఠశాలల సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చేశారు. బలులు ఆగిపోయాయి, పురోహితులకు పని లేకుండా పోయింది. మతం మిగలాలంటే చదువే ఆలయం కావాలి. గురువులు చనిపోతున్నారు, తరుముళ్ళు ఆగడం లేదు. 200 ప్రాంతంలో గలిలయలో యూదా హనాసి అనే రబ్బీ ఆ నోటి సంప్రదాయాన్ని ఆరు భాగాలుగా, 63 ప్రకరణాలుగా కూర్చాడు. అదే మిష్నా. వాక్యాలు పొట్టివి, సూత్రాల్లాగా బిగువైనవి. విడమర్చి చెప్పేవాడు లేకపోతే సగం అర్థం కావు.

విడమర్చే పని ఎక్కువగా బాబిలోనియాలో, అంటే నేటి ఇరాక్‌లో జరిగింది. యూఫ్రటీస్ ఒడ్డున సూరా, పుంబెదిత అనే ఊళ్ళలో పెద్ద విద్యాపీఠాలు ఉండేవి. మిష్నాలో ఒక వాక్యం తీసుకోవడం, ఇది ఎందుకు ఇలా అన్నారు, ఇంకోచోట వేరేగా అన్నారు కదా, ఈ రెండూ ఎలా పొసగుతాయి అని అడగడం. ఒకరు జవాబు చెబితే ఇంకొకరు విరగ్గొట్టడం. తరతరాల ఈ వాదాల మూటే గెమారా. మిష్నా, గెమారా కలిస్తే తల్మూద్. 427లో మరణించిన రవ్ ఆషి దాన్ని కూర్చడంలో పెద్ద చేయి వేశాడని సంప్రదాయం. ఆయన తరవాత కూడా తరాల పాటు చేతులు పడుతూనే వచ్చాయి.

ఈ గ్రంథంలో ఓడిపోయిన వాదం కూడా ఉంటుంది. నాకు దీనిమీద ప్రేమ పుట్టింది అక్కడే. తీర్పు ఒకటే చాలుననుకుంటే, ఓడినవాడి మాట చెరిపేస్తే చాలు, గ్రంథం పదో వంతుకు తగ్గిపోయేది. వాళ్ళు చెరపలేదు. ఎవరు అన్నారో పేరుతో సహా ఉంచారు.

చదువు ఎలా సాగుతుందో ఒక్కచోట ఆగి చూపిస్తాను. తల్మూద్ మొదలుపెట్టే పిల్లలకు చాలా చోట్ల మొదటి పుట నుంచి చెప్పరు. బవా మెత్సియా అనే ప్రకరణంలో రెండో అధ్యాయం, దొరికిన వస్తువుల అధ్యాయం, చెబుతారు. దారిలో ఏదో దొరికింది. నాదేనా, చాటింపు వేసి సొంతదారుకు ఇవ్వాలా? మిష్నా ఒక జాబితా ఇస్తుంది: చెల్లాచెదురుగా పడి ఉన్న ధాన్యం, చెదిరిన నాణేలు, దారిలో పడ్డ పనలు, ఇలాంటివి దొరికినవాడివే.

మా ఊళ్ళో తెలుగు పండిట్‌గా చేసి రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. సాయంత్రాలు నేను ఫోనులో ఇంగ్లీషు చూసి తెలుగులో చెబుతుంటే ఆయన వింటారు. వింటారని అన్నాను గానీ, ఎప్పుడూ ఊరికే వినరు. మిష్నా వాక్యం చెప్పగానే, “చెదిరిన ధాన్యం అంటే ఎంతండీ? గుప్పెడా, బస్తాడా?” అన్నారు. గెమారా మొదటి ప్రశ్న సరిగ్గా అదే. రబ్బీ యిత్సాక్ కొలత చెబుతాడు: నాలుగు మూరల మేర ఒక కవ్. కవ్ అంటే ఆనాటి ఒక చిన్న మానిక. వెంటనే ఇంకో ప్రశ్న. ఆ గింజలు జారిపడ్డాయా, కావాలని పెట్టారా? జారిపడితే ఎక్కువున్నా దొరికినవాడివే కావాలి, కావాలని పెడితే తక్కువున్నా తీసుకోకూడదు కదా. మరి ఈ కొలత దేనికి? జవాబు: ఇది కళ్ళంలో సంగతి. నూర్పు అయిపోయాక చుట్టూ చెదిరిన గింజలు. అంత మేర పరుచుకున్న గింజలను ఏరుకోవడం పెద్ద చాకిరీ, సొంతదారు వాటిని వదిలేసుకుంటాడు. కొంచెం మేరలోనే ఉంటే మళ్ళీ వచ్చి ఏరుకుంటాడు, వదులుకోడు.

మాస్టారు చిన్నప్పుడు కళ్ళాల దగ్గర పరిగె ఏరినవారు. కాసేపు ఆలోచించి, “బాగానే ఉందండీ. మరి నువ్వులైతేనో? ఏరడం ఇంకా కష్టం, కానీ ఖరీదెక్కువ. నువ్వుల్ని ఏ రైతూ వదిలెయ్యడు” అన్నారు.

నేను తెర కిందికి జరిపాను. రబ్బీ యిర్మెయా అడుగుతున్నాడు: రెండు మూరల మేర అర కవ్ అయితే? ఎనిమిది మూరల మేర రెండు కవ్‌లైతే? ఖర్జూరాలైతే? దానిమ్మలైతే? నువ్వులైతే? ఖరీదెక్కువ కాబట్టి వదులుకోడా, చాకిరీ ఎక్కువ కాబట్టి వదులుకుంటాడా? ఆ ప్రశ్నలకు గెమారా జవాబు చెప్పలేదు. తేలలేదు, అలాగే నిలిచింది అని రాసి ముందుకు పోయింది. ఈ రబ్బీ యిర్మెయాను ఇలాంటి ప్రశ్నే ఒకటి అడిగినందుకు విద్యాపీఠం నుంచి బయటికి పంపేశారని తల్మూద్ మరోచోట చెబుతుంది. ఆ తరవాత లోపలికి రానిచ్చారని కూడా చెబుతుంది. ఆ సంగతి చెబితే మాస్టారు ఎంతో సంతోషపడ్డారు.

అదే చోట ఇంకొక కథ. అమెమార్, మార్ జుత్రా, రవ్ ఆషి ముగ్గురూ ఒకాయన తోటకు వెళ్ళారు. సొంతదారు లేడు. తోట పాలుకు చేసే రైతు ఖర్జూరాలూ దానిమ్మలూ తెచ్చి ముందు పెట్టాడు. ఇద్దరు తిన్నారు. మార్ జుత్రా ముట్టలేదు. సొంతదారుకు తెలియకుండా అతని సొత్తు తినొచ్చా అన్నది అక్కడి చిక్కు. ఇంతలో సొంతదారు వచ్చి, ఇంకా మంచివి తెచ్చి పెట్టలేదేమని రైతును అడిగాడు. అయినా మార్ జుత్రా తినలేదు. తరవాత ఒప్పుకుంటే ముందు చేసింది ఒప్పవుతుందా అని ఆయన పట్టు. అతిథి మర్యాద, పాలుకు చేసే రైతు చొరవ, ఆసామి హక్కు, ఈ మూడింటినీ ఒక్క పండ్ల పళ్ళెం దగ్గరికి తెచ్చి నిలబెట్టారు. న్యాయశాస్త్రం ఇంత దగ్గరగా, ఇంత మనుషుల మధ్య జరగడం నేను ఇంకెక్కడా చదవలేదు.

ఇప్పుడు చిక్కు చూడండి. మూలంలో ఇదంతా అరమాయిక్, హీబ్రూ కలిసిన భాషలో, అచ్చుగుర్తులు లేకుండా ఉంటుంది. చుక్కలు లేవు, కామాలు లేవు. ప్రశ్న ఎక్కడ ముగిసి జవాబు ఎక్కడ మొదలైందో గుర్తు ఉండదు. “అతను అతనితో అన్నాడు” అని ఉంటుంది, ఎవరు ఎవరితోనో మనం తెలుసుకోవాలి. అంతకుముందే అంతా తెలిసినవాడికోసం రాసినట్టుంటుంది. అందుకే దీన్ని ఒంటరిగా చదవరు. విద్యాపీఠాల్లో ఇద్దరిద్దరు బల్లకు ఎదురెదురుగా కూర్చుని, ఒకడు చదివి అర్థం చెబితే రెండోవాడు తప్పు పట్టాలి. ఆ జోడీని హవ్రూతా అంటారు. హాలంతా కేకలు, చేతులు ఊపడాలు. నిశ్శబ్దంగా ఉండే గ్రంథాలయం వాళ్ళ చదువుకు పనికిరాదు.

జోడీ దొరకనివాడికి మొట్టమొదట ఆ లోటు తీర్చినవాడు రాషి. 1040లో ఫ్రాన్సులోని త్రువాలో పుట్టి 1105లో పోయాడు. తల్మూద్‌లో చాలా భాగానికి టీక రాశాడు. ఎక్కడ తడబడతామో ముందే ఊహించి, అక్కడ రెండు మాటలు, అంతే. కష్టమైన వస్తువు పేరొస్తే తన ఊరి ఫ్రెంచి మాటను హీబ్రూ అక్షరాల్లో రాసేవాడు. కాళిదాసుకు మన మెదక్ సీమ కొలిచెలమ మల్లినాథసూరి ఎలాగో తల్మూద్‌కు రాషి అలాగ. ఆ వ్యాఖ్య లేకుండా మూలం ముట్టుకునేవాళ్ళు ఇవాళ అరుదు. రాషి మనుమలూ వాళ్ళ శిష్యులూ తోసఫోత్ అనే ఇంకో వ్యాఖ్య రాశారు. అందులో తాత మాటను చాలాసార్లు ప్రశ్నించారు.

గ్రంథం మీద కక్ష కట్టినవాళ్ళూ తక్కువ కాదు. 1240లో పారిస్‌లో తల్మూద్ మీద విచారణ జరిపి, 1242లో 24 బండ్ల చేతిరాత ప్రతులను నడివీధిలో కాల్చారు. అచ్చు రాని కాలంలో 24 బండ్లంటే ఎంతమంది లేఖకుల ఎన్ని జీవితాలో! బాబిలోనియా తల్మూద్ దాదాపు పూర్తిగా ఉన్న పాత చేతిరాత ప్రతి లోకంలో ఒక్కటే మిగిలింది. 1342లో రాసిన ఆ ప్రతి మ్యూనిక్ గ్రంథాలయంలో ఉంది.

ఇవాళ్టి తల్మూద్ పుట రూపం వెనిస్‌లో స్థిరపడింది. దాన్ని అచ్చువేసిన దానియెల్ బొంబెర్గ్ యూదుడు కాదు, ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన క్రైస్తవ వ్యాపారి. పోపు అనుమతి తెచ్చుకుని, యూదు పండితులను దిద్దుబాటుకు కూర్చోబెట్టుకుని, 1520 నుంచి 1523 లోపు మొత్తం తల్మూద్‌ను అచ్చువేశాడు. నడుమ మూలం, లోపలి అంచున రాషి, బయటి అంచున తోసఫోత్. నడుమ రబ్బీలు వాదించుకుంటుంటే ఒక పక్క తాత అర్థం చెబుతాడు, ఇంకో పక్క మనుమలు తాతకు అడ్డు తగులుతారు. బొంబెర్గ్ వేసిన పత్రాల అంకెలే అయిదు వందల ఏళ్ళుగా నడుస్తున్నాయి. ఎక్కడ ఎవరు అచ్చువేసినా ఆ పుటలో ఆ మాటే ఉండాలి. 1553లో రోములో, ఆ వెంటనే వెనిస్‌లోనే, ఆ పుస్తకాలను మళ్ళీ కాల్చారు. 1880ల్లో విల్నాలో రోమ్ అనే ఇంటిపేరున్న కుటుంబపు అచ్చుకూటం వేసిన ప్రతే ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నది.

అంకెలు స్థిరపడ్డాయి కాబట్టే ఇంకో ఆలోచన సాధ్యమైంది. 1923లో వియన్నా మహాసభలో మెయిర్ షపీరో అనే 36 ఏళ్ళ రబ్బీ లేచి, లోకంలోని యూదులందరూ రోజుకు ఒకే పత్రం, అదే పత్రం చదువుదామన్నాడు. వార్సాలో బయలుదేరినవాడు న్యూయార్కులో దిగి, ఏ చదువు గదిలోకి వెళ్ళినా అక్కడ ఆ రోజు పత్రమే తెరిచి ఉండాలి. దీన్ని దఫ్ యోమి అంటారు. 2,711 పత్రాలకు ఏడేళ్ళ అయిదు నెలలు. ఊరు కాని ఊళ్ళో కూడా జోడీ దొరికే ఏర్పాటు ఇది. షపీరో పదేళ్ళకే, 1933లో, పోయాడు. ఆయనను అనుసరించిన లక్షల మందిని ఆ తరవాత నాజీల మారణహోమం మింగేసింది. ఏర్పాటు మాత్రం ఆగలేదు.

ఇక అనువాదాలు. ఇంగ్లీషులో మొదట మైకేల్ రాడ్కిన్సన్ 1896లో మొదలుపెట్టాడు. వాదాలు కత్తిరించి సారం ఇచ్చాడు. నా దృష్టిలో తల్మూద్‌లో వాదమే సారం, కాబట్టి అది పనికిరాని పద్ధతి. లండన్‌లో ఐసిడోర్ ఎప్‌స్టీన్ సంపాదకత్వంలో 1935 నుంచి 1952 దాకా సొన్సినో ప్రతి వచ్చింది. గంభీరమైన పని. కానీ మాటకు మాట అనువాదం చేతిలో పెట్టినా కొత్త పాఠకుడికి దారి దొరకదు.

ఆ చిక్కును విప్పినవాడు ఆదిన్ స్టైన్‌సాల్ట్స్. 1937లో జెరూసలేంలో, మతాచారాలు పాటించని ఇంట్లో పుట్టాడు. విశ్వవిద్యాలయంలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివాడు. 1965లో మొదలుపెట్టి 2010లో ముగించాడు. 45 ఏళ్ళు. మూలానికి అచ్చుగుర్తులు పెట్టాడు, విరామచిహ్నాలు పెట్టాడు, అరమాయిక్‌ను నేటి హీబ్రూలోకి తెచ్చాడు. ఆనాటి మొక్కలు, పనిముట్లు, కొలతలు, మనుషుల జీవితాలు పక్కన చేర్చాడు. విల్నా పుట రూపం మార్చాడని ఛాందస పండితుల్లో కొందరు తీవ్రంగా వ్యతిరేకించారు. ఆయన ఆగలేదు. 2020 ఆగస్టులో కన్నుమూశాడు. 1990 నుంచి 2005 దాకా అమెరికాలో ఆర్ట్‌స్క్రోల్ వాళ్ళు 73 సంపుటాలుగా వేసిన షాటెన్‌స్టీన్ ప్రతి మూలం పుటకు ఎదురుగా ఇంగ్లీషు పెట్టింది.

ఈ కొత్త అనువాదాల్లో ఒక పద్ధతి ఉంది. మూలంలో ఉన్న మాటల అనువాదం ముద్దక్షరాల్లో, అర్థం కావడానికి అనువాదకుడు చేర్చిన మాటలు మామూలు అక్షరాల్లో, ఒకే వాక్యంలో కలిసి సాగుతాయి. ముద్దక్షరాలు ఒక్కటే చదివితే రబ్బీల బిగువు, రెండూ కలిపి చదివితే పక్కవాడు చెబుతున్నట్టు వివరం. మద్రాసు వావిళ్ళవారి ప్రతిపదార్థ తాత్పర్యాలతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఇది వెంటనే వంటబడుతుంది. జోడీలోని రెండోవాణ్ణి పుటలోకి తెచ్చి కూర్చోబెట్టారన్నమాట. నా మటుకు తల్మూద్ అనువాద చరిత్రలో ఇదే అసలైన ఆవిష్కరణ.

జాషువా ఫోయర్, బ్రెట్ లాక్‌స్పైజర్ అనే ఇద్దరు 2011లో యూదు గ్రంథాలను ఇంటర్నెట్‌లో ఉంచే సెఫారియా అనే సంస్థ పెట్టారు. స్టైన్‌సాల్ట్స్ ప్రతికి వచ్చిన ఇంగ్లీషు అనువాదం 2017లో అందులో అందరికీ ఉచితంగా రావడం మొదలైంది. డెబ్బై సంపుటాలు కొనగల తాహతు లేనివాడికి, కొన్నా పెట్టుకునే చోటు లేనివాడికి, కె.కోటపాడులో ఒక ఫోను చాలు. నేను చదువుతున్నది అదే.

తెలుగులో మొత్తం తల్మూద్ లేదు. ఉండాలని నా కోరిక. ఇది అసాధ్యమేమీ కాదు. మన పక్క మహారాష్ట్రలో బెనె ఇశ్రాయేలు యూదులు 1846లోనే బొంబాయిలో పస్కా పండుగ గ్రంథమైన హగ్గాదాను మరాఠీ అనువాదంతో అచ్చువేసుకున్నారు. జోసెఫ్ ఎజెకియెల్ రాజ్‌పుర్కర్ అనే ఉపాధ్యాయుడు జీవితమంతా హీబ్రూ ప్రార్థనా గ్రంథాలను మరాఠీలోకి తెచ్చాడు. ఇటలీలో ప్రభుత్వ సాయంతో తల్మూద్ అనువాదం మొదలై 2016లో మొదటి సంపుటి వెలువడింది. దానికోసం పీసాలోని పరిశోధకులు త్రదూకో అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఒక మాటను ఒకచోట ఎలా తెనిగించారో, అదే, ఎలా ఇటాలియన్ చేశారో, ఇంకోచోట పనిచేసేవాడికి వెంటనే కనిపిస్తుంది. కొరియాలో మాత్రం ఇంకో దారి పట్టింది. టోక్యోలో రబ్బీగా ఉన్న మార్విన్ టొకాయర్ 1971లో జపనీసులో వేసిన చిన్న కథల పుస్తకం కొరియా భాషలోకి పోయి, అక్కడ తల్మూద్ పేరుతో పిల్లల తెలివి పెంచే పుస్తకంగా లెక్కలేనన్ని ఇళ్ళకు చేరింది. ఆ కథలు మంచివే. కానీ ప్రశ్నలు తీసేసి నీతి ఒక్కటే ఉంచితే అది తల్మూద్ కాదు. మనం ఆ దారి పట్టకూడదు.

మొత్తం కాకపోతే ఒక్క అధ్యాయం. దొరికిన వస్తువుల అధ్యాయంతో మొదలుపెట్టొచ్చు. అరమాయిక్ తెలిసినవాడు ఒకడు, తెలుగు తెలిసినవాడు ఒకడు. తెలుగు తెలియడమంటే పుస్తకాల తెలుగే కాదు. పనకూ మోపుకూ తేడా తెలిసినవాడు, కళ్ళంలో గింజ ఎక్కడిదాకా చెదురుతుందో చూసినవాడు కావాలి. బవా మెత్సియా తొమ్మిదో అధ్యాయంలో చాలా భాగం కౌళ్ళ గురించే. పండినదాంట్లో పాలిచ్చే కౌలుకూ, పండినా ఎండినా ఒకే లెక్క కొలిచే కౌలుకూ అది న్యాయం వేరుచేసి చెబుతుంది. వాన లేక పంట పోతే ఎవరి నష్టం ఎంత అని తర్కిస్తుంది. ఆ అధ్యాయం తెలుగులోకి వస్తే చోడవరం, మాడుగుల రైతులు దిద్దుబాట్లు చెప్పగలరు. విశాఖలో ఆనందరాయర్ కూర్చున్న చోట ఈసారి వాళ్ళు కూర్చోవాలి, పుస్తకం మీద వాళ్ళ పేర్లూ ఉండాలి.

అందాకా ఇంగ్లీషు చదవగలవారు ఒకరూ వాదించగలవారు ఒకరూ కలిసి మొదలుపెట్టవచ్చు. రోజుకో పత్రం పద్ధతి కావాలనుకునేవారికి, 2020 జనవరి 5న మొదలైన పద్నాలుగో ఆవృత్తి 2027 జూన్ 7న ముగుస్తుంది, మర్నాడే పదిహేనోది మొదలవుతుంది. మాస్టారికీ నాకూ ఆ వేగం కుదరదు. మేము ఇప్పుడు అబయే, రవా అనే ఇద్దరి వాదంలో ఉన్నాం. తన వస్తువు పోయిందని సొంతదారుకే ఇంకా తెలియదు. తెలిస్తే ఎలాగూ ఆశ వదులుకుంటాడు. కాబట్టి ఇప్పుడే వదులుకున్నట్టు లెక్కా? లెక్కేనంటాడు రవా, కాదంటాడు అబయే. మాస్టారు అబయే పక్షం. నేను రవా పక్షం పట్టుకున్నాను. తల్మూద్‌లో వాళ్ళిద్దరి మధ్య తీర్పు అబయే వైపు పోయినవి ఆరే, అందులో ఇదొకటి. ఆ సంగతి మాస్టారికి ఇంకా చెప్పలేదు. వాదన ఆయన పూర్తిగా వినిపించాలి కదా.